డెబ్భై ఏడో నంబరు

గురువారం పొద్దున పది గంటలకు మేస్త్రి మందుల హోల్‌సేల్ దుకాణంలోకి అడుగుపెట్టేసరికి అతని స్టూలు మీద వేరే మనిషి కూర్చుని ఉన్నాడు.

స్టూలు దుకాణానిదే. కానీ పన్నెండేళ్లుగా నెట్ పని చూస్తూ రౌటరు పెట్టె ముందు దాన్ని వేసుకుని కూర్చున్నది మేస్త్రి ఒక్కడే. నాలుగు కాళ్లలో ఒకటి పొట్టి. దాని కింద మందుల అట్టపెట్టె ముక్క మడిచి పెట్టింది కూడా అతనే. ఇప్పుడు ఆ ముక్క గోడ పక్కన పడి ఉంది. ఎవరో కాలితో నెట్టేశారు.

వీపు చూడగానే మేస్త్రికి తెలిసిపోయింది. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ఆ ఇంట్లో అందరికీ అంతే. మేస్త్రి భార్యకూ అలాగే ఉండేది.

"ఏరా, దారి తప్పావా?"

బావమరిది స్టూలు మీదే వెనక్కి తిరిగాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, నోట్లో స్క్రూడ్రైవరు. పసుపు పిడి ఉన్న స్క్రూడ్రైవరు. అది మేస్త్రి ఇచ్చిందే. నోట్లోంచి తీసి నవ్వాడు.

"రా బావా. మేడం రమ్మన్నారు. నీకు చెప్పే పిలిచారనుకున్నా."

"నాకెవరూ చెప్పలేదు."

"అయితే ఇప్పుడు నేను చెప్తున్నాగా."

మేడం కౌంటరు వెనక నుంచి లేచి వచ్చింది. దుకాణం ఆమెదే. మనిషి మంచిదే, కానీ ఆలస్యాన్ని క్షమించదు.

"ఏమీ అనుకోకండి మేస్త్రిగారూ. మూడు రోజులైంది కదా. కొత్త బ్రాంచి వాళ్లు ఒక్కో మందుకీ ఒక్కో ఫోను చేసి నా ప్రాణం తీస్తున్నారు. మీ ఇంటివాడే కదా అని పిలిచా."

మీ ఇంటివాడే. మేస్త్రి ఆ మాటను మింగేశాడు. సంచి భుజం మీది నుంచి దించలేదు.

బ్రాంచి నాలుగు వీధుల అవతల తెరిచి నెల అయింది. అక్కడి రౌటరూ మేస్త్రే బిగించాడు. రెండు చోట్లకూ మధ్య లింకు కలిపాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. వెలిగింది గానీ బ్రాంచిలో కూర్చుని దుకాణంలోని స్టాకు కంప్యూటరు తెరుద్దామంటే తెరుచుకోదు. మూడు రోజులు వైర్లు మార్చాడు. రౌటర్లు ఆపి వెలిగించాడు. దీపం వెలుగుతూనే ఉంది. దారి మాత్రం పడలేదు.

"బావా," అన్నాడు బావమరిది తెర మీది నుంచి కళ్లెత్తకుండా. "బ్రాంచిలో యంత్రాలకి ఏ నంబర్ల సిరీసు ఇచ్చావు?"

"ఎప్పుడూ ఇచ్చేదే."

"ఇక్కడ?"

"ఎప్పుడూ ఇచ్చేదే."

"మేడం వాళ్లింట్లో?"

కోల్డ్‌రూం తలుపు దగ్గర నిలబడిన పనివాడు కిసుక్కున నవ్వాడు. లోపల చలికి వేసుకునే ఊలు స్వెటరుతోనే బయటా తిరుగుతాడు కాబట్టి అందరూ అతన్ని స్వెటరు అనే పిలుస్తారు.

"అంటే ఏమిటి?" అంది మేడం.

"ఏం లేదు మేడం. ఇక్కడ స్టాకు కంప్యూటరు నంబరు పది. బ్రాంచిలోనూ ఒక పదో నంబరుంది. మీవాళ్లు అక్కడ కూర్చుని పదిని పిలిస్తే ఆ పదే పలుకుతోంది. ఇక్కడి దాకా రావడం లేదు."

"అక్కడ పదో నంబరు ఏమిటి?"

"ప్రింటరు."

"పారాసిటమాల్ ఎన్ని డబ్బాలున్నాయని అడిగితే కాగితం అయిపోయిందంటుంది పాపం," అన్నాడు స్వెటరు.

మేడం నవ్వింది. బావమరిది నవ్వలేదు. నవ్వి ఉంటే మేస్త్రికి తేలికగా ఉండేది.

ముప్పై రెండు దుకాణాల్లో మేస్త్రి పెట్టిన రౌటర్లున్నాయి. అన్నింటా ఒకే నంబర్లు. స్టాకు యంత్రం పది, ప్రింటరు ఇరవై, కెమెరాల పెట్టె ముప్పై. బ్రాంచిలో మాత్రం స్టాకు యంత్రం లేదు కాబట్టి పది ప్రింటరుకు వెళ్లింది. ఏ దుకాణం నుంచి ఫోను వచ్చినా నడుస్తూనే జవాబు చెప్పగలడు. పుస్తకం తెరిచి చూసుకునేవాళ్లంటే అతనికి చులకన. రెండు దుకాణాలను కలపవలసిన రోజు ఒకటి వస్తుందని అనుకోలేదు. అన్నీ విడివిడిగానే ఉంటాయనుకున్నాడు.

"ఇక్కడి సిరీసు మార్చేద్దాం," అన్నాడు బావమరిది. "ఇరవై మూడు ఇద్దాం. అప్పుడు బ్రాంచితోనూ గొడవ లేదు, మీ ఇంటితోనూ గొడవ లేదు. రేపు మధ్యాహ్నం దుకాణం మూసే రెండు గంటలు చాలు."

స్వెటరు టీ తెచ్చాడు. మేస్త్రి ఎప్పుడూ తాగే పిడి ఉన్న గాజు గ్లాసు బావమరిది చేతికి వెళ్లింది. మేస్త్రికి కాగితం కప్పు వచ్చింది. అతను రెండు గుక్కలు తాగి, మిగిలింది సింకులో పారబోశాడు.

శుక్రవారం రెండింటికి మేడం షట్టరు సగం దించింది. ఫ్యాను స్టూలు వైపుకు తిప్పింది. వెళ్తూ వెళ్తూ ఆగింది.

"మేస్త్రిగారూ, ఆ పెట్టె తాళంచెవి మీ దగ్గరొక్కటే ఉంది కదా. సోమవారం నుంచి మీ బామ్మర్ది దగ్గర ఉంచండి. మీరూ ఎంతకాలమని నిచ్చెనలెక్కుతారు? చెప్పండి."

"ఇంకోటి చేయిస్తాను."

"రెండెందుకు? ఒకరి చేతిలో ఉంటేనే బాధ్యత."

ఆమె వెళ్లింది. తాళంచెవి మేస్త్రి మొలతాడుకు కట్టి ఉంది. చొక్కా ఎత్తి, దాన్ని విప్పకుండానే వంగి పెట్టె తెరిచాడు. తెరవడానికి గోడకు అంత దగ్గరగా వంగవలసి రావడం పన్నెండేళ్లలో ఎప్పుడూ అతనికి ఎబ్బెట్టుగా అనిపించలేదు.

మూత లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. మేడం మరీ మరీ అడిగితే ఒకసారి రాసి పెట్టిన జాబితా. నంబరు, యంత్రం, కింద అతని పొడి అక్షరం. ఏడు వరుసలు. తరువాత పెట్టినవేవీ అందులో ఎక్కలేదు.

"కాస్త లైటు పట్టు బావా."

మేస్త్రి టార్చి పట్టాడు. ఒకప్పుడు తాను నిచ్చెన మీద ఉంటే వీడు కింద నిలబడి పట్టేవాడు. వెలుగు కదిలితే మేస్త్రి తిట్టేవాడు. ఇప్పుడు తాను వెలుగు కదలకుండా పట్టుకున్నాడు.

బావమరిది పని తొందరపడకుండా చేశాడు. ముందు ఉన్నదంతా ఒక ఫైలులో దాచిపెట్టాడు. రౌటరు తన నంబరు మార్చుకుంది. వెంటనే ల్యాప్‌టాప్‌కు కనెక్షను తెగిపోయింది. వైరు పీకి మళ్లీ గుచ్చాడు. కొత్త సిరీసులో నంబరు వచ్చింది. స్టాకు కంప్యూటరుకు, ప్రింటరుకు, కెమెరాల పెట్టెకు పాత పది, ఇరవై, ముప్పైలే కొత్త సిరీసులో ఇచ్చాడు. బ్రాంచి సిరీసుకు వెళ్లేది ఏదైనా లింకులోంచి పంపమని ఇక్కడ రాశాడు. ఇక్కడికి వచ్చేది లింకులోంచి పంపమని అక్కడి రౌటరులో రాశాడు. ప్రతి వరుసకూ పక్కన పేరు రాశాడు. మేస్త్రి ఎన్నడూ ఆ గడి నింపలేదు. బావమరిది పని చేస్తూ పెదవుల మధ్య నుంచి సన్నగా ఈల వేస్తాడు. మేస్త్రి భార్యా బట్టలు మడతపెడుతూ అలాగే వేసేది. పెళ్లయిన కొత్తలో మేస్త్రి వద్దన్నాడు. మానేసింది. వీడింటికి వెళ్లినప్పుడు మాత్రం వేసేది.

చివరికి బయటి నుంచి వచ్చేవాటి జాబితా తెరిచాడు. బయట నుంచి ఎవరు పిలిచినా దుకాణానికి నెట్‌లో ఉన్న ఒకే ఒక్క చిరునామాకు వస్తుంది. లోపల ఏ యంత్రానికి అందించాలో ఈ జాబితా చూసే రౌటరు తేల్చుకుంటుంది. అందులో మూడు వరుసలున్నాయి. మొదటిది కెమెరాలు. రెండోది స్టాకు. మూడోదాని నంబరు మూత మీది కాగితంలో లేదు.

"బావా, ఈ డెబ్భై ఏడు ఏమిటి?"

మేస్త్రి కోల్డ్‌రూం తలుపు వైపు చూడలేదు. చూడవలసిన పని లేదు. తలుపు పైన, కప్పుకు జానెడు కింద, తెల్లటి చిన్న పెట్టె ఉంది. లోపలి వేడి ఎంతుందో అది కొలుస్తుంది. మేడం ఫోను అయిదు నిమిషాలకోసారి దాన్ని అడుగుతుంది. ఎనిమిది డిగ్రీలు దాటితే ఫోను గంట కొడుతుంది. దాని నంబరు రౌటరు ఇచ్చింది కాదు, నిచ్చెనెక్కి దాని మీటలు నొక్కి చేత్తో పెట్టింది. మళ్లీ నిచ్చెనెక్కి మార్చకపోతే అది పాత సిరీసులోనే ఉండిపోతుంది. ఎవరు పిలిచినా పలకదు.

లోపల ఇన్సులిను, టీకాలు, పసిపిల్లల మందులు ఉంటాయి.

"పాత కెమెరా," అన్నాడు మేస్త్రి. "ఎప్పుడో తీసేశారు. అది కొట్టెయ్."

బావమరిది అతని వైపు తిరిగాడు. టార్చి వెలుగు వాడి కళ్లలో పడింది. మేస్త్రి టార్చి పక్కకు తిప్పలేదు.

"తీసెయ్యనా?"

"తీసెయ్యమంటున్నాగా."

వాడు ఆ వరుస తీసేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మేస్త్రి తన ఫోనులోంచి డెబ్భై ఏడును పిలిచి చూశాడు. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాడు. లేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి అన్నం వండుకున్నాడు. చాలా రోజుల తరువాత రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

కీడు జరగాలని అతను కోరుకోలేదు. తనకు తాను అలాగే చెప్పుకున్నాడు. ఒక రోజో రెండు రోజులో పోతే మేడమే చూస్తుంది, ఇదేమిటి నంబరు కదలడం లేదు అంటుంది. అప్పుడు వాడు తల గోక్కుంటాడు. అప్పుడు తాను వెళ్తాడు. నిచ్చెన వేయించుకుంటాడు. అంతే. అందులో తప్పేముంది?

శనివారం పదకొండింటికి వెళ్లాడు. వెళ్లవలసిన పని లేదు. వెళ్లాడు. బ్రాంచి నుంచి ఫోనులు ఆగిపోయాయి. దుకాణం ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత అతనికి మింగుడుపడలేదు.

"మీ బామ్మర్ది పనిమంతుడండీ," అన్నాడు స్వెటరు, డబ్బాలు పేరుస్తూ. "పొద్దున ఎనిమిదింటికే దిగిపోయాడు. నిచ్చెన..."

"నాకెందుకు చెప్తావు? మేడంకి చెప్పుకో. జీతం పెంచుతుంది."

"నా జీతమా, ఆయన జీతమా?"

"ఎవరిదైతే నాకేం? నీ పని నువ్వు చూసుకో."

స్వెటరు భుజాలెగరేసి కోల్డ్‌రూంలోకి వెళ్లిపోయాడు.

మేడం ఫోను కౌంటరు మీద వెలుగుతూ ఉంది. తెర మూలన నాలుగు అంకె కనిపిస్తోంది. నాలుగు డిగ్రీలు. జవాబు రాకపోతే ఆ తెర ఆఖరుసారి వచ్చిన అంకెనే చూపిస్తూ ఉంటుందని మేస్త్రికి తెలుసు. కింద చిన్న అక్షరాల్లో ఏ సమయానిదో ఉంటుంది. అది ఎవరూ చదవరు. అతనూ వంగి చదవలేదు.

"ఏమిటి మేస్త్రిగారూ, ఫోను కేసి అలా చూస్తున్నారు?"

"ఏం లేదమ్మా. బాగానే ఉందా అని."

"బంగారంలా ఉంది. మీరు ఇన్నాళ్లూ వాణ్ని ఎందుకు దాచారో నాకర్థం కావడం లేదు."

అతను నవ్వాడు. పళ్లు కనిపించేలా నవ్వాడు.

ఆదివారం దుకాణానికి సెలవు. మేస్త్రి పొద్దున చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పదకొండున్నరకు ఫోను మోగింది. తెర మీద మేడం. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఫోనును చూస్తూ నిలుచున్నాడు. మోగనిచ్చాడు. ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ మోగనిచ్చాడు. చెప్పవలసిన మాటలు సిద్ధం చేసుకున్నాడు. పాతవాణ్ని ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దాకా వచ్చేదా అమ్మా? నేను లేననుకున్నారా? మూడోసారి మోగినప్పుడు గొంతు సవరించుకుని ఎత్తాడు.

"చెప్పండమ్మా."

"మేస్త్రిగారూ! ఎక్కడున్నారండీ? మీకు దండం పెట్టాలి. కోల్డ్‌రూం స్విచ్చి పడిపోయింది. ఎప్పుడు పడిందో ఏమో, ఫోను గంట కొట్టింది. ఎనిమిది దాటగానే కొట్టింది. పరుగెత్తుకొచ్చి స్విచ్చి ఎత్తాను. వేడి మళ్లీ దిగుతోంది. ఒక్క సీసా పోలేదు."

మేస్త్రి ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"వింటున్నారా? నిన్న పొద్దున మీ బామ్మర్ది చెప్పాడు, ఆ పెట్టె సంగతి బావే గుర్తు చేశాడు మేడం, లేకపోతే నేను వదిలేసేవాణ్ని అని. మీరు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇవాళ నా కొంప మునిగేది. ఆ మందులు ఏ పిల్లలకి వెళ్లేవో తలుచుకుంటేనే భయమేస్తోంది."

"సరేనమ్మా," అన్నాడు.

ఇస్త్రీపెట్టె పక్కన చొక్కా చల్లారిపోయింది. దాన్ని సగం ముడతలతోనే కొక్కానికి తగిలించాడు.

సోమవారం అతను వెళ్లేసరికి బావమరిది స్టూలు మీద కూర్చుని కొత్త జాబితా రాస్తున్నాడు. మేడం ఇంకా రాలేదు. స్వెటరు షట్టరు దగ్గర లారీ నుంచి డబ్బాలు దింపించుకుంటున్నాడు. స్టూలు ఒక పక్కకు ఊగుతోంది. వాడు దానితో పాటే ఊగుతూ రాస్తున్నాడు.

మేస్త్రి వెనక నిలబడ్డాడు.

"గొప్పవాడివనిపించుకున్నావు."

"ఏమైంది బావా?"

"నేను గుర్తు చేశానని మేడంతో ఎవడు చెప్పమన్నాడు నిన్ను? నీ ముష్టి నాకెందుకు?"

బావమరిది పెన్ను మూత పెట్టాడు.

"మర్చిపోయి ఉంటావనుకున్నా."

మేస్త్రి తన జీవితంలో ఏదీ మర్చిపోలేదు. అది ఊరంతా ఎరిగిన సంగతి. వీడూ ఎరిగిన సంగతి. వాడు ఆ మాటను బల్ల మీద గ్లాసు జరిపినట్టు అతని వైపు జరిపి ఊరుకున్నాడు. తీసుకుంటే తీసుకోవచ్చు.

"మర్చిపోలేదు," అన్నాడు మేస్త్రి.

"తెలుసు."

బయట లారీ వెనక్కి జరిగింది. ఎవరో "రైట్, రైట్" అని అరిచారు.

"నీకెలా తెలిసింది అది ఏమిటో? జాబితాలో లేదు. అది పెట్టిన రోజు నువ్వు ఇక్కడ లేవు."

"లేను. ఆసుపత్రిలో ఉన్నా."

ఆ రోజు సంగతి వాళ్లిద్దరూ ఆరేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. ఆ రోజు మేస్త్రి ఇక్కడ నిచ్చెన మీద ఉన్నాడు. సాయంత్రానికల్లా అలారం కావాలని మేడం పట్టుబట్టింది. పది నిమిషాల్లో వస్తానని ఫోనులో చెప్పి రెండు గంటల తరువాత వెళ్లాడు. అప్పటికి ఆసుపత్రి మంచం మీద భార్య ముఖం దాకా దుప్పటి కప్పి ఉంది. పక్కన వీడున్నాడు. ఆమె చెయ్యి ఇంకా వీడి చేతిలోనే ఉంది. ఆ చెయ్యిని మేస్త్రి ఆరేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. ఆమె వీడికి ఏం చెప్పిందో అడగలేదు. అడిగితే తనకు చెప్పలేదని ఒప్పుకున్నట్టవుతుంది.

బావమరిది వెనక జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీశాడు. పని మొదలుపెట్టిన నాటిది. అంచులు నల్లబడ్డాయి. మధ్యలో ఒక పేజీ తెరిచి చూపించాడు. ఒక పక్క మాత్రల పేర్లు, పూటలు. దాని కింద పెద్ద అంకెలతో 77. కింద రెండు గీతలు.

"నువ్వు ఫోను పెట్టెయ్యలేదు బావా. అలాగే జేబులో వేసుకున్నావు. అంతా వినిపిస్తోంది. స్క్రూలు పడిపోయాయని తిడుతున్నావు. స్వెటరుతో అరుస్తున్నావు, కోల్డ్‌రూం పెట్టె డెబ్భై ఏడు, డెబ్భై ఏడు, గుర్తుపెట్టుకో అని. పెట్టేద్దామంటే అక్క పెట్టనివ్వలేదు. చెవి దగ్గర పెట్టమంది. నవ్వింది. ఆ నంబరు రాయరా, మీ బావ ఎక్కడా రాసుకోడు అంది. రాశా. శుక్రవారం నువ్వు కెమెరా అన్నప్పుడు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నా. ఇంటికెళ్లి తీసి చూశా. పొద్దున్నే వచ్చి నిచ్చెనెక్కి దాని నంబరు మార్చా."

మేస్త్రి గోడకు చెయ్యి ఆనించాడు.

"ఎంతసేపు విన్నారు?"

"నిచ్చెన మడిచిన చప్పుడు దాకా."

"తర్వాత?"

"తర్వాతేముంది? నువ్వు బయల్దేరావంది. కళ్లు మూసుకుంది."

నిచ్చెన మడిచాక అతను బయలుదేరలేదు. స్వెటరు తెచ్చిన టీ తాగాడు. పిడి ఉన్న గాజు గ్లాసులో తాగాడు. అది ఇప్పుడు పెట్టె పక్కన గూట్లో బోర్లించి ఉంది.

షట్టరు కింద నుంచి మేడం వంగి వచ్చింది. చేతిలో సంచీలు. ఇద్దరినీ చూసి ముఖం విప్పారింది.

"ఇద్దరూ ఉన్నారా! మంచిది. మేస్త్రిగారూ, ఆ తాళంచెవి సంగతి నేను తొందరపడి అన్నాను. అది మీ దగ్గరే ఉండాలి. మీ బామ్మర్దీ అదే అంటున్నాడు. ఈ దుకాణం ఉన్నంతకాలం మీ దగ్గరే ఉండనీయండి."

ఆమె లోపలికి వెళ్లింది. సంచీలు కౌంటరు మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

మేస్త్రి చొక్కా ఎత్తి మొలతాడు ముడి విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంది, గోళ్లతో చాలాసేపు పట్టింది. తాళంచెవిని అరచేతిలో పెట్టి చాచాడు.

"ఆ పేజీ ఇవ్వు."

బావమరిది చూశాడు. "తాళంచెవి నాకొద్దు బావా. నీదే అంది కదా ఆవిడ."

"నిన్ను అడగలేదు కావాలా అని. పేజీ ఇవ్వు."

"ఇది... అక్క రాయించింది నా చేత."

"అందుకే."

మేస్త్రికి జాలి కలగలేదు. కృతజ్ఞతా కలగలేదు. ఆ పేజీ వీడి జేబులో ఇంకొక్క పూట ఉండటం సహించలేకపోయాడు. అంతే. బావమరిది అతని ముఖం చూశాడు. పుస్తకాన్ని మోకాలి మీద పరిచి, బొటనవేలితో కుట్టు పక్కన నొక్కి, మెల్లగా చింపాడు. అంచు కాస్త కూడా వంకర పోలేదు.

తాళంచెవి ఆ చేతిలో పడింది. పేజీ ఈ చేతిలోకి వచ్చింది. మేస్త్రి దాన్ని రెండు మడతలు పెట్టి, ఆ రోజు ఫోను వేసుకున్న జేబులోనే వేసుకున్నాడు.

"టీ తాగి వెళ్లు బావా."

"వద్దు."

రెండడుగులు వేసి ఆగాడు. వెనక స్టూలు ఊగిన చప్పుడైంది. అట్టముక్క గోడ పక్కన, గురువారం పడిన చోటనే ఉంది. కాలితో నెడితే చాలు, పొట్టి కాలి కిందికి వెళ్తుంది. మేస్త్రి దాన్ని చూశాడు. నెట్టలేదు. షట్టరు కింద వంగి వీధిలోకి వెళ్లిపోయాడు.